క్యాలిపర్ బోల్టు ఎందుకు కదలదు?

అమెరికాలో ట్రక్కు అంటే మన లారీ ఒక్కటే కాదు, వెనక తెరిచిన తొట్టి ఉన్న పికప్‌ని కూడా వాళ్లు ట్రక్కనే అంటారు. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వైపు పదేళ్లు తిరిగిన పికప్‌కి బ్రేకు ప్యాడ్లు, డిస్కులు మార్చడం పూటలో ముగిసే పని. అందులో, ప్యాడ్లని డిస్కుకి అదిమిపట్టే క్యాలిపర్ తాలూకు బోల్టులు విప్పడం అయిదు నిమిషాలది. ఆ బోల్టులు కదలకపోతే మాత్రం పూట పని రెండో రోజుకి పాకుతుంది. అప్పుడు సలహాలు మొదలవుతాయి. నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్యమంటాడు ఒకడు. మంట పెట్టమంటాడు ఇంకొకడు. మూడోవాడు ఇవన్నీ పిరికిమాటలని కొట్టిపారేసి, పెద్ద ఇంపాక్ట్ గన్ తెమ్మంటాడు.

ముగ్గురికీ అనుభవం ఉంది, ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. అయినా దశాబ్దాలుగా ఈ వాదం తెగడం లేదు. బోల్టుని ఏది పట్టుకుని ఉందో చూడకుండానే ఎలా విప్పాలో చెప్పడం ఇందుకు పెద్ద కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఒకే ఏడాది పుట్టిన మూడు

డ్రమ్ బ్రేకుల కాలంలో క్యాలిపర్ లేదు కనుక ఈ తగాదా కూడా లేదు. 1953లో లె మాన్ 24 గంటల రేసుని జాగ్వార్ సి-టైప్ కారు డిస్క్ బ్రేకులతో గెలిచింది. రెండేళ్లకి సిట్రోయెన్ డీఎస్ వాటిని రేసు మైదానం నుంచి మామూలు రోడ్డు మీదికి తెచ్చింది. అమెరికన్ పికప్‌ల ముందు చక్రాలకి డిస్కులు మామూలైంది 1970లలో. వెనక చక్రాలకీ అవి సాధారణం కావడానికి మరో పాతికేళ్లు పట్టింది.

ఆ 1953లోనే శాన్ డియెగోలో రాకెట్ కెమికల్ అనే చిన్న కంపెనీ అట్లాస్ క్షిపణి పైరేకు తుప్పు పట్టకుండా నీటిని తరిమేసే ద్రవం ఒకటి తయారు చేసింది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది కాబట్టి డబ్ల్యూడీ-40 అని పేరు పెట్టారు. కనెక్టికట్‌లోని ట్రినిటీ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పిన వెర్నన్ క్రీబుల్, గాలి తగలని చోట గట్టిపడే జిగురుని కనిపెట్టిందీ అదే ఏడాది. తర్వాత లాక్‌టైట్ పేరుతో ప్రపంచమంతా పాకింది అదే. డిస్క్ బ్రేకు గెలుపు, బోల్టుని వదిలిస్తుందని జనం నమ్మిన నూనె, బోల్టుని వదలనివ్వని జిగురు, మూడూ ఒకే ఏటివి. కాకతాళీయమే అయినా, తర్వాతి చరిత్రంతా ఈ మూడింటి మధ్యే నడిచింది.

నాలుగో పాత్ర ఉప్పు. రోడ్డు మీద మంచు కరిగించడానికి న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 1938లో ఉప్పు చల్లి చూసింది. యుద్ధం తర్వాత హైవేలు పెరిగేకొద్దీ ఈ అలవాటూ పెరిగింది. ఇప్పుడు దేశం మొత్తం మీద చల్లేది ఏడాదికి సుమారు 2 కోట్ల టన్నులు. మామూలు ఉప్పుతో పాటు మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ ద్రావణాలు కూడా వాడుకలోకి వచ్చాయి. ఇవి గాలిలోని తేమని లాక్కుంటాయి. మంచు కరిగిపోయిన చాలా రోజుల తర్వాత కూడా బండి అడుగుభాగం తడిగానే ఉంటుంది. డాలస్‌లో ఉన్న తెలుగాయన అనుభవం డెట్రాయిట్‌లో ఉన్న బావమరిదికి అక్కరకి రాకపోవడానికి కారణం ఇదే. ఒకే మోడల్, ఒకే ఏడాది బండి అయినా ఆ బోల్టులు రెండూ ఒకటి కావు.

మన లారీల్లో ఇప్పటికీ డ్రమ్ బ్రేకులదే రాజ్యం. అందుకని విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్కుల్ని ఏడిపించేవి క్యాలిపర్ బోల్టులకన్నా చక్రం నట్లు, కమాను కట్టల యూ-బోల్టులు. విశాఖ, కాకినాడ రేవుల్లో తిరిగే బండ్లకైతే మంచు లేకపోయినా సముద్రపు ఉప్పుగాలి ఉండనే ఉంది. కిరోసినో డీజిలో పోసి నానబెట్టడం, గ్యాస్ మంట, సమ్మెట దెబ్బ, పానాకి ఇనప గొట్టం తొడిగి తిప్పడం అక్కడి పద్ధతులు. పేర్లు మారినా అమెరికాలోని పక్షాలూ ఇవే.

ఏ బోల్టు సంగతి ఇది?

సలహాలు చెప్పేవాళ్లలో చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. పికప్‌లలో ఎక్కువగా ఉండేది జరిగే క్యాలిపర్. దాని ఒంటిని రెండు గైడ్ పిన్నుల మీద నిలబెట్టే చిన్న బోల్టులు ఒక జత. ఆ పిన్నులున్న బ్రాకెట్‌ని చక్రం వెనకుండే నకిల్‌కి బిగించే పెద్ద బోల్టులు ఇంకో జత. ప్యాడ్లు మాత్రమే మార్చాలంటే తరచు చిన్న జత చాలు. డిస్కు కూడా మార్చాలంటే పెద్ద జతని కదపక తప్పదు. పెద్దవాటిని ఫ్యాక్టరీలో సుమారు 170 న్యూటన్ మీటర్లతో బిగిస్తారు, భారీ మోడళ్లలో ఇంకా ఎక్కువ. చిన్నవాటికి చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు.

బోల్టు సాఫీగా వచ్చేసినా క్యాలిపర్ కదలకపోతే, పట్టేసింది పిన్ను తన గూట్లో. అది వేరే జబ్బు. బోల్టుతో పాటు పిన్ను కూడా గిర్రున తిరుగుతుంటే పట్టేసిందే లేదు, పిన్నుని పల్చటి పానాతో ఆపితే సరిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పెద్ద బోల్టుల తలలు సాధారణంగా బండి మధ్యవైపుకి తిరిగి ఉంటాయి. బయట కూచుని చెయ్యి లోపలికి పెట్టినవాడికి విప్పే దిక్కు తారుమారుగా కనిపిస్తుంది. ఎంత లాగినా రావడం లేదని మొత్తుకున్న కొన్ని బోల్టుల్ని నిజానికి బిగిస్తూ ఉండి ఉంటారు.

అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది మరలు ఎందులో ఉన్నాయన్నది. చాలా నమూనాల్లో బోల్టు నకిల్ చెవిలోని నున్నటి రంధ్రంలోంచి దూరి, బ్రాకెట్‌లోని మరల్లో బిగుస్తుంది. కొన్నింట్లో మరలు నకిల్‌కే ఉంటాయి. బోల్టు విరిగితే మొదటిరకంలో పాడయ్యేది మార్చుకోదగ్గ బ్రాకెట్. రెండోరకంలో దెబ్బ తినేది ఖరీదైన నకిల్. ఎంత తెగించవచ్చో దీన్నిబట్టే తేలాలి. మూడు పక్షాల్లో ఏ పక్షమూ దీని ఊసెత్తకపోవడం ఆశ్చర్యం.

పట్టుకున్నది ఏది?

తుప్పు లేని బోల్టు కూడా ఊరికే రాదు. బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో సుమారు సగం తల కింది రాపిడికే పోతుంది. 40 శాతం దాకా మరల రాపిడి తినేస్తుంది. బోల్టుని సాగదీసి నిజమైన బిగువు తెచ్చేది మిగిలిన పదో వంతే. శుభ్రంగా ఉన్న బోల్టుని విప్పడానికి, బిగించినదానికంటే కొంచెం తక్కువ బలమే కావాలి. అంతకి మించి అడుగుతోందంటే మధ్యలోకి ఇంకేదో చేరింది.

ఒకటి తుప్పు. అది తాను తిన్న ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. మరల సందుల్లో, తల కింద, నకిల్ రంధ్రంలో ఆ ఉబ్బు మేకులా దిగబడుతుంది. రెండోది జిగురు. చాలా కంపెనీలు పెద్ద బోల్టుల మరలకి ముందే ఎండిన జిగురు పూత పెట్టి పంపుతాయి, లేదా బిగించేటప్పుడు రాయమని సర్వీసు పుస్తకంలో రాస్తాయి. మూడోది రెండు లోహాల గొడవ. కొన్ని కొత్త పికప్‌ల నకిల్ అల్యూమినియంది, బోల్టు ఉక్కుది, మధ్యలో ఉప్పునీళ్లు. అక్కడ ఎర్ర తుప్పుకి బదులు తెల్లటి పొడి పేరుకుంటుంది.

ఆనవాళ్లు కొంతవరకు చెబుతాయి. తల చుట్టూ గోధుమరంగు పొక్కులుంటే తుప్పు. తల శుభ్రంగానే ఉండి, బోల్టు కదిలాక కూడా చివరిదాకా ఒకే రకంగా బరువుగా తిరుగుతుంటే జిగురు. తుప్పు పట్టింది టక్కున ఊడుతుంది, లేదా కిర్రుమంటూ ఆగి ఆగి వస్తుంది. ఇది నూరుశాతం నమ్మదగ్గ పరీక్ష కాదు. ఒకే బోల్టుకి రెండు రోగాలూ ఉండొచ్చు, ఉప్పు రాష్ట్రాల్లో ఉంటాయి కూడా.

నూనె పక్షం

అందరికంటే పాతదీ, పెద్దదీ ఈ పక్షం. క్రాయిల్ 1939 నాటిది, లిక్విడ్ రెంచ్ 1941 నాటిది, పీబీ బ్లాస్టర్ 1957లో వచ్చింది. పల్చటి ద్రవం సన్నటి సందుల్లోకి దానంతటదే పాకుతుంది, తుప్పు పొరని తడుపుతుంది, రాపిడి తగ్గిస్తుంది అన్నది వీళ్ల వాదం. ఓపిక ఉంటే ఏదీ విరగదన్నది వీళ్ల గర్వం.

ఈ పక్షం చేతిలో ఒక పట్టిక ఉంది. ‘మెషినిస్ట్స్ వర్క్‌షాప్’ పత్రిక 2007లో చేసిన పరీక్షదని చెప్పే ఆ పట్టిక లెక్కలేనన్ని చేతులు మారింది. దాని ప్రకారం, తుప్పు పట్టించిన నమూనాని కదపడానికి ఏమీ రాయకపోతే 516 పౌన్ల బలం కావాల్సి వచ్చింది. డబ్ల్యూడీ-40తో 238, పీబీ బ్లాస్టర్‌తో 214, లిక్విడ్ రెంచ్‌తో 127, క్రాయిల్‌తో 106. ఆటోమాటిక్ గేరు నూనె, అసిటోన్ సగం సగం కలిపిన ఇంటి మందుతో 53 చాలింది. అప్పట్నుంచి ఆ ఇంటి మందుకి దేవుడి ప్రసాదంలాంటి హోదా వచ్చేసింది.

పట్టికని నమ్మనివాళ్ల ప్రశ్నలు కూడా బలమైనవే. అంత పెద్ద తీర్పు మోయడానికి నమూనాలు చాలవు. రెండు తుప్పులు ఎప్పుడూ ఒకలా ఉండవు. గేరు నూనె, అసిటోన్ సరిగ్గా కలవవు, కాసేపు వదిలేస్తే విడిపోతాయి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కూడా. పరీక్ష నమూనా క్యాలిపర్ బోల్టు కాదన్నది వీటన్నిటికంటే పెద్ద లోటు. మన బోల్టు తల వెడల్పుగా, నకిల్‌కి గట్టిగా ఆనుకుని ఉంటుంది. తల మీద ఎంత కొట్టినా నూనె మరలదాకా వెళ్లే దారి దాదాపు మూసుకుపోయి ఉంటుంది. కొస బయటికి కనిపించే బోల్టులకి అటువైపు నుంచి కొట్టడమే తెలివి. జిగురుతో పట్టినదానికి నూనె ఎన్ని రోజులు పోసినా వృథా.

నూనెవల్ల హాని లేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. బ్రేకు వ్యవస్థలోని రబ్బర్లు ఎక్కువగా ఈపీడీఎం రకం. పెట్రోలియం నూనె తగిలితే అవి ఉబ్బుతాయి. ప్యాడ్లమీద, డిస్కుమీద పడిన నూనె ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు.

నిప్పు పక్షం

ఉప్పు రాష్ట్రాల్లో రోజూ ఇదే పని చేసేవాళ్లు చివరికి చేరేది ఇక్కడికే. ఉక్కు ప్రతి డిగ్రీకీ మీటరుకి సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. 14 మిల్లీమీటర్ల బోల్టుని 300 డిగ్రీలు వేడెక్కిస్తే 0.05 మిల్లీమీటరు లావెక్కుతుంది. తల వెంట్రుక మందంలో ఇంచుమించు ముప్పాతిక భాగం. వినడానికి చిన్నదే, కానీ పెళుసైన తుప్పు పొరని పగలగొట్టడానికి చాలు. గట్టి రకం జిగురు కూడా 250 డిగ్రీలకి అటూఇటూగా మెత్తబడుతుంది. తుప్పుకీ జిగురుకీ రెండింటికీ పనిచేసే ఉపాయం ఇదొక్కటే.

అయితే వేడి దేనికి పెట్టాలి? మరలున్న ముక్కకి పెడితే రంధ్రం పెద్దదై బోల్టు వదులవుతుందని ఒక వాదం. బోల్టునే వేడిచేస్తే అది ఇరుకులో లావెక్కలేక నలిగి, చల్లారాక సన్నబడుతుందని ఇంకొక వాదం. రెండూ భౌతికశాస్త్రానికి ఒప్పేవే. మంటతో పనిచేసేవాళ్లకి మొదటిది అనువు. బోల్టు తల చుట్టూ తీగచుట్ట తొడిగి కరెంటుతో వేడిచేసే ఇండక్షన్ హీటర్ ఉన్నవాళ్లకి రెండోది సులువు. వేడిగా ఉన్నప్పుడు మైనం ఆనిస్తే అది కరిగి లోపలికి దిగుతుందన్న చిట్కాని రెండు వర్గాలూ ఒప్పుకుంటాయి.

నిప్పుని కాదనేవాళ్ల భయాలు ఉత్తవి కావు. డాట్ 3 బ్రేకు ద్రవం కొత్తగా ఉంటే కనీసం 205 డిగ్రీలదాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. పక్కనే రబ్బరు గొట్టం, ఏబీఎస్ సెన్సర్ తీగ, హబ్ బేరింగ్ గ్రీజు, బాల్ జాయింట్ తొడుగు ఉంటాయి. అల్యూమినియం నకిల్‌కి మంట తగిలితే రంగు మారకుండానే బలం తగ్గిపోతుంది. 10.9 తరగతి బోల్టుకి తయారీలో ఇచ్చే టెంపరింగ్ వేడి కనీసం 425 డిగ్రీలు. ఎర్రగా కాలిందంటే అది దాటేసినట్టే, ఆ బోల్టుని మళ్లీ వాడకూడదు.

ఇంకొక ప్రమాదం గురించి చాలా తక్కువమంది చెబుతారు. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్ కొట్టిన చోట మంటో వెల్డింగో పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టగలదు. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడిన వాయువు అది. క్లీనర్ వాడిన రోజు నిప్పు జోలికి పోకపోవడమే మేలు.

దెబ్బ పక్షం

ఇందులో మళ్లీ రెండు శాఖలు. పొడుగాటి కడ్డీతో నిదానంగా లాగేవాళ్లు, ఇంపాక్ట్ గన్‌తో టకటకా కొట్టించేవాళ్లు. లెక్క తెలిసిందే, మీటరు పొడవు కడ్డీ చివర 50 కిలోల బరువు వేస్తే దాదాపు 500 న్యూటన్ మీటర్లు. ఫ్యాక్టరీ బిగింపుకి దాదాపు మూడు రెట్లు. నిదానంగా లాగేవాడికి బోల్టు సాగడం, మెత్తగా లొంగడం చేతికి తెలుస్తుంది, ఆపగలడు. గన్ పక్షంవాళ్లు చిన్న చిన్న దెబ్బలే తుప్పుని పగలగొడతాయని, ఒకేసారి మెలిపెట్టడమే కాడని తెంపుతుందని అంటారు. బ్యాటరీ గన్‌లు వెయ్యి న్యూటన్ మీటర్లు దాటిన ఈ రోజుల్లో యువ మెకానిక్కులు ఎక్కువగా వీళ్లవైపే ఉన్నారు.

ఆరు మూలల సాకెట్టే వాడాలి, పన్నెండు మూలలది తలని గుండ్రం చేసేస్తుంది అన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. విప్పేముందు ఒకింత బిగించే దిక్కుకి కదపడం, కదిలాక ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయడం కూడా అందరూ ఒప్పుకున్నవే. తల విరిగాక వాడే ఎక్స్‌ట్రాక్టర్ మీద మాత్రం గౌరవం తగ్గిపోయింది. అంత గట్టి ఉక్కు లోపలే విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని తాకలేదు. మిగిలిన ముక్కకి నట్టు వెల్డింగ్ చేసి తిప్పడమే మేలని ఇప్పుడు చాలామంది మాట. అందులో పట్టూ వేడీ ఒకేసారి దొరుకుతాయి.

పక్కపక్కన పెట్టి చూస్తే

తేలికపాటి తుప్పు, చిన్న బోల్టు, తొందరలేని పని అయితే నూనె చాలు, ఖర్చు కూడా తక్కువ. జిగురుకి నూనె దండగ, వేడి తప్పనిసరి. పాత ఉప్పు తుప్పు పట్టిన పెద్ద బోల్టుకి వేడీ దెబ్బా కలిపితేనే ఫలితం, నూనె తోడుగా మాత్రమే. అల్యూమినియం నకిల్ దగ్గర మంటని పక్కన పెట్టి ఇండక్షన్ వేడిని బోల్టుకే పరిమితం చెయ్యాలి. గైడ్ పిన్నుల దగ్గర, రబ్బరు తొడుగులు ఉంచుకోవాలంటే, నూనెకీ నిప్పుకీ రెండింటికీ దూరంగా ఉండాలి. ఏ ఒక్క పక్షాన్నో ఎంచుకోమంటే నా ఓటు వేడికి. కారణం, అది మాత్రమే పట్టుకున్నదాన్ని మారుస్తుంది, మిగతావి చాలావరకు దానితో కుస్తీ పడతాయి.

తిరిగి బిగించేటప్పుడు

విప్పడం కంటే పెద్ద తగాదా ఇక్కడుంది. మళ్లీ పట్టకుండా రాగి, నికెల్, అల్యూమినియం పొడి కలిసిన యాంటీ-సీజ్ పూయాలని ఉప్పు రాష్ట్రాలవాళ్ల నిత్య మంత్రం. బ్రేకు బోల్టులకి ఆ పూత ముట్టించొద్దని ఎదుటివాళ్ల హెచ్చరిక. హెచ్చరిక వెనక ఉన్నది లెక్కే. పూత రాపిడిని తగ్గిస్తుంది. పొడి ఉక్కుకి 0.2గా తీసుకునే రాపిడి గుణకం, పూత ఉంటే 0.15కో అంతకన్నా కిందికో దిగుతుంది. పుస్తకంలో ఉన్న టార్క్‌తోనే బిగిస్తే బోల్టు మూడో వంతు ఎక్కువగా సాగిపోతుంది. టార్క్ తగ్గించాలి కానీ, ఎంత తగ్గించాలో ఆ బండి తయారీదారు చెప్పలేదు. జిగురు రాయమన్న చోట పూత రాయడమంటే, వద్దని కట్టిన తలుపుని మనమే తీసినట్టు.

అలాగని యాంటీ-సీజ్ పక్షాన్ని మూర్ఖులనడం అన్యాయం. మరల జిగురు గాలినీ నీటినీ కూడా అడ్డుకుంటుంది, కాబట్టి మరలకి అదే ఒకరకం తుప్పు మందు. కానీ అది తల కిందికీ, నకిల్ రంధ్రంలోని కాడకీ చేరదు. తుప్పు మొదలయ్యేది అక్కడే. మరలకి జిగురు, కాడకి మాత్రం పల్చటి పూత అన్న మధ్యేమార్గం కొందరు పాటిస్తున్నారు. తల కింద పూత పడకుండా చూసుకోగలిగితే ఈ పద్ధతికి అభ్యంతరం కనిపించదు.

ఇంకా తేలనివి

నిదానమైన లాగుడా, గన్ దెబ్బలా, ఏది ఎక్కువ బోల్టుల్ని విరుస్తుందో రోడ్డు ఉప్పులో పదేళ్లు నానిన అసలు క్యాలిపర్ బోల్టుల మీద కొలిచి చెప్పాల్సి ఉంది. నూనెల పోటీలన్నీ నిమిషాల్లోనో రోజుల్లోనో ముగుస్తాయి, తుప్పు వయసు ఏళ్లలో ఉంటుంది. కాడకి పూసిన పూత అయిదు చలికాలాల తర్వాత ఏమవుతుందన్నదానికి ఎవరి గ్యారేజీ లెక్క వాళ్లదే.

ఇవి తేలేదాకా బండి ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. సాకెట్ పెట్టకముందే సర్వీసు పుస్తకం తెరిచి చూడండి. ఆ బోల్టు పక్కన ‘మళ్లీ వాడకూడదు’ అని రాసి ఉండి, మరలు బ్రాకెట్‌లో ఉంటే, పాత బోల్టుని కాపాడే ప్రయత్నం మానెయ్యండి. కాపాడాల్సినవి నకిల్, సెన్సర్ తీగ, బ్రేకు గొట్టం. కొత్త బోల్టుల జత ముందే తెచ్చిపెట్టుకుని మొదలుపెట్టండి.